గడ్డివాములో పుట్టిన మందు

మన భాషలో 'మందు' అను మాట మిక్కిలి విశాలమైనది. జ్వరమును తగ్గించునదియు మందే. తుపాకిలో కూరునదియు మందే. ఎలుకలను చంపునదియు మందే. ఒకే మాటకు ఇన్ని పనులు అప్పగించుట భాషకు పేదతనము కాదు. ప్రాణము నిలుపు వస్తువునకును, ప్రాణము తీయు వస్తువునకును నడుమనున్న భేదము తరచుగ మోతాదులోనిదే యని మన పెద్దలు ఎరుగుదురు. నేడు మేము చెప్పదలచిన చరిత్ర ఈ మాటకు చక్కని వ్యాఖ్యానము వంటిది. ఒకే మూలమునుండి వచ్చిన పదార్థము మొదట పశువులకు వ్యాధియై, తరువాత ఎలుకలకు విషమై, పిమ్మట మనుష్యుల గుండెకు రక్షణయైన కథ ఇది. ఆ మందు పేరు వార్ఫరిన్. రక్తము శీఘ్రముగ గడ్డకట్టకుండ వైద్యులు ఇచ్చు మాత్ర ఇదే. ఆ మాత్ర వేసికొనువారు పసుపు గుళికలను గురించియు, వెల్లుల్లి గుళికలను గురించియు, మూలికల పొడులను గురించియు వైద్యునికి ఎందుకు చెప్పవలెనో ఈ కథ తెలిసినచో సులభముగ బోధపడును.

కథ ఉత్తర అమెరికా మైదానములలో మొదలగును. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రములలోను రైతులు స్వీట్ క్లోవర్ అను పశుగ్రాసమును విరివిగ పెంచసాగిరి. వృక్షశాస్త్రము ప్రకారము ఇది మన మెంతికూరకు దగ్గరి చుట్టము. తెల్లనివో పచ్చనివో చిన్న పూవులు పూయును. సారములేని నేలలో సైతము ఎదుగును. కోసి ఆరవేసినచో కమ్మని సువాసన వచ్చును. ఆ సువాసనకు కారణమైన పదార్థమును రసాయన శాస్త్రజ్ఞులు కౌమరిన్ అందురు. పశువులు ఆ గడ్డిని మేసి సుఖముగనే యుండెడివి.

అయితే 1920 తరువాత కొన్ని యేండ్లు వానలు ఎక్కువై గడ్డి సరిగ ఆరలేదు. వాములలో బూజు పట్టెను. గడ్డిని పారవేయుటకు రైతులకు మనసొప్పలేదు; అది గడ్డుకాలము. బూజుపట్టిన గడ్డినే పశువులకు వేసిరి. కొన్ని వారములకు విచిత్రమైన జాడ్యము బయలుదేరెను. కొమ్ములు కోసిన దూడకు రక్తము కారి కారి ఆగకుండెను. ఈనిన ఆవు రక్తము పోయి పడిపోయెను. ఏ దెబ్బయు తగలని పశువు చర్మము క్రింద రక్తము చేరి వాచి చచ్చెను. అంటురోగమేమో యని జనులు భయపడిరి.

దీని గుట్టును మొదట పట్టినవాడు కెనడాలోని ఆంటారియో పశువైద్య కళాశాలలో పనిచేసిన ఫ్రాంక్ స్కోఫీల్డ్. అంతకు మునుపు ఆయన కొరియాలో ఉండెను; 1919లో ఆ దేశపు స్వాతంత్ర్యోద్యమమును ఫొటోలు తీసి లోకమునకు చూపినవాడు ఈయనయే. ఆయన చేసిన పరీక్ష అతి సరళమైనది. ఒకే వాములోనుండి మంచి కాడలను ఒకవైపును, చెడిన కాడలను మరొకవైపును ఏరి రెండు కుందేళ్లకు వేరువేరుగ మేపెను. మంచి కాడలు తిన్న కుందేలు నిక్షేపముగ నుండెను. చెడిన కాడలు తిన్నది రక్తస్రావముతో చనిపోయెను. కనుక ఇది అంటురోగము కాదు. గడ్డిది కాదు తప్పు, చెడిన గడ్డిది. తరువాత ఉత్తర డకోటాలో లీ రోడెరిక్ అను మరియొక శాస్త్రజ్ఞుడు ఆ పశువుల రక్తములో ప్రోత్రాంబిన్ అను పదార్థము తగ్గిపోయినదని కనుగొనెను. రక్తము గడ్డకట్టుటకు ఈ ప్రోత్రాంబిన్ అత్యవసరము. ఇంతవరకు తెలిసినది. కాని చెడిన గడ్డిలోని ఏ వస్తువు ఈ పనిచేయుచున్నదో ఎవరికిని తెలియలేదు.

1933 ఫిబ్రవరిలో ఒక శనివారమునాడు, మంచుతుపాను వీచుచుండగా, విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఎడ్ కార్ల్‌సన్ తన లారీలో సుమారు 190 మైళ్లు ప్రయాణము చేసి మాడిసన్ నగరమునకు వచ్చెను. లారీలో చచ్చిన పెయ్య ఒకటి, గడ్డకట్టని రక్తముతో నిండిన పాలబిందె ఒకటి, సుమారు 100 పౌనుల చెడిన గడ్డి ఉండెను. ఆయన వెదకినది పశువైద్యాధికారి కార్యాలయము, అది మూసియుండెను. తలుపు తెరచియున్న మరొక భవనములో ప్రవేశింపగా అది విశ్వవిద్యాలయపు జీవరసాయన శాఖ అయ్యెను. అక్కడ ఆయనకు కనబడినవాడు కార్ల్ పాల్ లింక్ అను ఆచార్యుడు. లింక్ చెప్పగలిగినది స్వల్పము: ఆ గడ్డి వేయవద్దు, వీలైనచో జబ్బు పశువునకు మంచి పశువు రక్తము ఎక్కింపుడు. అంతమాత్రపు సలహాతో ఆ రైతు మరల ఆ మంచులోనే ఇల్లు చేరవలసివచ్చెను. ఆ పేదవానికి ఇంతకన్న ఏమియు చేయలేకపోతిమే యన్న బాధ లింక్‌నకును, ఆయన శిష్యునకును ఆ రాత్రి నిద్ర పట్టనీయలేదు. ఆ పాలబిందెలోని రక్తముతోనే వారు పని ప్రారంభించిరి.

ఆ పని ఆరేండ్లు పట్టెను. 1939 జూన్‌లో లింక్ శిష్యుడు హెరాల్డ్ క్యాంప్‌బెల్ చెడిన గడ్డిలోని విషపదార్థమును స్ఫటికములుగ వేరుచేయగలిగెను. 1940లో దాని నిర్మాణము తేలెను. సువాసననిచ్చు కౌమరినే బూజు చేతిలో పడి మార్పునొంది, రెండు అణువులు ఒకటిగ జతకూడి, డైకుమరాల్ అను విషమైనది. నిరపాయమైన సువాసన నుండి మరణకారకమైన విషము పుట్టుటకు బూజు, తడి తప్ప వేరేమియు అక్కరలేకపోయెను. 1941 నుండి అమెరికాలోని మేయో క్లినిక్ వంటి చోట్ల వైద్యులు ఆ పదార్థమునే మితముగ వాడి, రక్తనాళములలో గడ్డలు ఏర్పడు రోగులకు ఇచ్చి చూచిరి.

ఇదే కాలమున సముద్రమునకు ఆవల డెన్మార్కులో మరియొక కథ నడుచుచుండెను. అక్కడ హెన్రిక్ డామ్ 1929 ప్రాంతమున కోడిపిల్లలకు కొవ్వులేని ఆహారము పెట్టి పరిశోధించుచుండగా, వాటి చర్మము క్రిందను, కండలలోను రక్తము చిమ్ముట గమనించెను. ఆహారములో ఏదియో లోపించినదని ఊహించి, 1935లో దానికి విటమిన్ కె అని పేరిడెను. గడ్డకట్టుట అను అర్థము గల మాటకు ఆయన భాషలో మొదటి అక్షరము 'కె'. పచ్చని ఆకులలో ఈ విటమిన్ సమృద్ధిగ నుండును. 1943వ సంవత్సరపు నోబెల్ బహుమానము డామ్‌నకును, అమెరికాలో దీని రసాయన స్వరూపమును తేల్చిన ఎడ్వర్డ్ డాయిసీకిని లభించెను. గడ్డిలోని విషమునకు ఆకులోని విటమినే విరుగుడని త్వరలోనే రుజువయ్యెను. శ్రోతలు ఈ సంగతిని మనస్సులో నుంచుకొందురుగాక. మన వంటింటి సంగతి అంతయు దీనిమీదనే నిలిచియున్నది.

1945లో లింక్ జబ్బుపడి శానటోరియములో విశ్రాంతి తీసికొనుచు, కాలక్షేపమునకు ఎలుకల నిర్మూలన చరిత్రను చదివెను. ఎలుక మిక్కిలి తెలివిగల జంతువు. తిన్నవెంటనే బాధ కలిగించు ఎరను అది రెండవసారి ముట్టదు. నెమ్మదిగ, కొన్ని దినములకు పనిచేయు మందైనచో అనుమానింపదు. డైకుమరాల్ జాతికి చెందిన పదార్థములలో బలమైన దానిని ఏరినచో ఎలుకలకు సరిపోవునని లింక్‌నకు తోచెను. తన ప్రయోగశాలలో తయారైన పదార్థముల జాబితాలో 42వది ఇందుకు తగినదని తేలెను. పరిశోధనకు ధనమిచ్చిన విస్కాన్సిన్ పూర్వవిద్యార్థుల పరిశోధన సంస్థ పేరులోని ఆంగ్ల మొదటి అక్షరములకు కౌమరిన్ మాట చివరను చేర్చి దానికి వార్ఫరిన్ అని పేరు పెట్టిరి. 1948లో అది ఎలుకల మందుగ అంగడికి వచ్చెను.

ఎలుకల మందును మనిషికి ఇచ్చుటకు ఏ వైద్యుడైనను జంకును గదా! ఆ జంకును తీర్చినది ఒక దుర్ఘటన. 1951లో అమెరికా సైన్యములో క్రొత్తగ చేరిన యువకుడొకడు ప్రాణము తీసికొనదలచి ఈ ఎలుకల మందును పలుమార్లు తినెను. ఆస్పత్రిలో విటమిన్ కె ఇచ్చి, రక్తము ఎక్కింపగా అతడు పూర్తిగ కోలుకొనెను. ఈ మందునకు నమ్మకమైన విరుగుడు కలదని లోకమునకు తెలిసెను. 1954లో మనుష్యులకు వాడుటకు అనుమతి లభించెను. మరుసటియేడు సెప్టెంబరులో డెన్వర్‌లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు వైద్యులు ఇచ్చిన మందులలో వార్ఫరిన్ ఒకటి. గడ్డివాములో పుట్టి, ఎలుకల కలుగు దాటి, రాష్ట్రాధ్యక్షుని శయ్య చేరుటకు దానికి ముప్పదియేండ్లు పట్టెను.

ఇది రక్తమును పలుచన చేయునని లోకులు అందురు. నిజమునకు రక్తము చిక్కదనమును ఇది మార్చదు. గడ్డకట్టుటకు కావలసిన ప్రోత్రాంబిన్ మొదలగు నాలుగు పదార్థములను కాలేయము తయారుచేయును. ఆ పనికి విటమిన్ కె కావలెను. ఒకసారి పనిచేసిన విటమిన్‌ను మరల పనికి సిద్ధపరచు ఎంజైము ఒకటి కలదు. వార్ఫరిన్ ఆ ఎంజైమును అడ్డగించునని 1970ల నాటి పరిశోధనలలో తేలెను. అప్పటికే రక్తములోనున్న పదార్థములు ఖర్చగువరకు మందు ప్రభావము పూర్తిగ కనబడదు. కనుకనే అది పనిచేయుటకు కొన్ని దినములు పట్టును. ఎలుక మోసపోయినదియు ఇందుచేతనే.

ఈ మందు హద్దు మిక్కిలి సన్ననిది. తక్కువైనచో గడ్డ ఏర్పడి పక్షవాతము రావచ్చును. ఎక్కువైనచో మెదడులోనో కడుపులోనో రక్తము స్రవింపవచ్చును. ఈ హద్దును కనిపెట్టుటకు చేయు రక్తపరీక్షను ఐ.ఎన్.ఆర్. అందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఈ కొలతను దేశదేశములకు ఒకటిగ నిర్ణయించెను. మందు వాడనివారికి ఇది సుమారు 1 ఉండును. వాడువారిలో పెక్కుమందికి 2కును 3కును నడుమ నిలుపవలెను. కొన్ని కృత్రిమ కవాటములు గలవారికి ఇంకను కొంచెము హెచ్చు. మన దేశమున కీళ్లవాతపు జ్వరముచేత గుండె కవాటములు చెడి, లోహపు కవాటములు అమర్చుకొన్నవారు ఎందరో ఉన్నారు. వారికి ఈ మందు జీవితాంతము కావలెను. ఇక్కడి వైద్యులు వార్ఫరిన్‌తోపాటు అసెనోకౌమరాల్ అను దాని తోబుట్టువును కూడ విరివిగ ఇచ్చుచున్నారు.

ఇక వంటింటికి వత్తము. పాలకూర, తోటకూర, మునగాకు వంటి ముదురుపచ్చని ఆకులలో విటమిన్ కె మెండుగ నున్నది. వారమంతయు ఆకుకూర తినక, పిమ్మట ఏడు దినములు పూటపూటకు తినినచో మందు బలము తగ్గిపోవును. ఆకుకూరలను ఒక్కసారిగ మానివేసినచో మందు బలము పెరుగును. మానివేయుమని కాదు వైద్యుల మాట. ఎప్పటివలెనే, ఒకే పాటిగ తినుమని. ఆ భోజనమునకు తగినట్లు మందు మోతాదును వారే సరిచేయుదురు.

మూలికల సంగతి ఇంతకన్న చిక్కైనది. అవి మూడు త్రోవలలో ఈ మందుతో కలియబడును. మొదటి త్రోవ కాలేయము. యూరపులో దిగులు తగ్గుటకు వాడు సెయింట్ జాన్స్ వర్ట్ అను మూలిక కాలేయపు ఎంజైములను రెచ్చగొట్టి మందును త్వరగ విరిచివేయును. స్వీడన్‌లో ఇట్టి రోగులు ఏడుగురిలో వార్ఫరిన్ బలము తగ్గినట్లు 2000లో ప్రకటింపబడెను. రెండవ త్రోవ రక్తములోని చిన్న కణములు. నాళము తెగినచోట మొదట గుమిగూడి అడ్డుకట్ట వేయునవి ఈ ప్లేట్‌లెట్లు. వెల్లుల్లి సారము, గింకో, మిక్కిలిగ పుచ్చుకొన్న చేపనూనె వీటిని మందగింపజేయవచ్చును. ఇందులో అపాయమేమనగా, ఐ.ఎన్.ఆర్. పరీక్ష ప్లేట్‌లెట్ల సంగతి చెప్పదు. కాగితముపై అంకె చక్కగనే యుండగా రక్తస్రావపు ముప్పు పెరిగియుండవచ్చును. మూడవ త్రోవ విటమిన్ కె దారియే. కొన్ని పొడులలోను, బలపు మాత్రలలోను ఆ విటమిన్ కలిసియుండును.

ఈ ఓషధులన్నిటిమీద ఒకే పాటి సాక్ష్యము లేదని కూడ చెప్పుట న్యాయము. గింకో వాడిన కొందరిలో రక్తస్రావము కనబడెనని వైద్యులు వ్రాసిరి. శ్రద్ధగ చేసిన కొన్ని పరీక్షలలో అట్టి ప్రభావము కనబడలేదు. క్రాన్‌బెర్రీ పండ్లరసమును గురించి 2003లో బ్రిటనులో హెచ్చరిక వెలువడెను. పిమ్మటి పరీక్షలు పెక్కు ఆ భయమును బలపరచలేదు. అమెరికన్ జిన్‌సెంగ్ సంగతి వేరు. రక్తమునకు ముప్పు తెచ్చునని కొందరు తలచిన ఆ వేరు వార్ఫరిన్ బలమును తగ్గించునని, ఆరోగ్యవంతులపై చేసి 2004లో ప్రకటించిన పరీక్షలో తేలెను. మన మెంతులు కలిసిన ఒక మూలికల జతను వాడిన రోగిలో మందు బలము పెరిగినట్లు 2001లో వైద్యపత్రికలో వచ్చెను. 2018లో న్యూజీలాండ్ ఔషధ శాఖ పసుపు గుళికలను గురించి హెచ్చరించెను. వార్ఫరిన్ వాడుచు ఆ గుళికలు మొదలుపెట్టిన రోగి ఐ.ఎన్.ఆర్. 10 దాటిపోయినది.

పసుపా అని శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. కూరలో వేయు చిటికెడు పసుపును గురించి కాదు ఈ మాట. గుళికలో కూరిన సారము వేరు. కూరలోని పసుపును నాలుక కొలుచును. ఎక్కువైనచో చేదని తోసివేయును. గుళికకు నాలుకతో పనిలేదు. పైగా ఇట్టివానిని ఆహారమని అమ్ముదురేగాని మందని అమ్మరు. అమెరికాలో 1994లో చేసిన చట్టము ప్రకారము ఇట్టి పోషకద్రవ్యములను అమ్ముటకు ముందు వాటి క్షేమమును ప్రభుత్వము ఎదుట రుజువు చేయనక్కరలేదు. బుడ్డిపై వ్రాసినదానికిని, లోపలనున్నదానికిని పొంతన కుదరని సందర్భములును కలవు.

మా బంధువర్గములో ఒక పెద్దమ్మగారికి కవాటము మార్చిన పిమ్మట ఈ మందు నిత్యమయ్యెను. ఎవరో చెప్పిరని మోకాళ్ల నొప్పులకు వెల్లుల్లి గుళికలను, పసుపు గుళికలను మొదలుపెట్టిరి. ఒకనాటి ఉదయము ముక్కునుండి రక్తము కారి గంటసేపు ఆగలేదు. ఆస్పత్రిలో వైద్యుడు, "అమ్మా, ఇంకేమైన మందులు వాడుచున్నారా?" అని అడిగెను. "లేదు బాబూ, మీరిచ్చినవే" అని ఆమె బదులు చెప్పిరి. ఆమె అబద్ధమాడలేదు. వెల్లుల్లి, పసుపు ఆమె దృష్టిలో మందులు కావు, వంటింటి దినుసులు. ప్రక్కన నిలిచియున్న మనుమరాలు చేతిసంచిలోని రెండు బుడ్లను తీసి బల్లమీద పెట్టినది. అంతటితో సంగతి తేలి, చికిత్స త్రోవన పడెను. ఆ గుళికలే కారణమని వైద్యుడు ఖండితముగ చెప్పలేదు. కాని మొదట తెలియవలసినది తెలియలేదని మాత్రము చెప్పెను. అడిగినవారి తప్పును లేదు, చెప్పినవారి తప్పును లేదు. నడుమ నిలిచినది ఒక్క మాట: మందు.

ఇటీవల క్రొత్త మందులును వచ్చినవి. 2010లో అమెరికాలో అనుమతి పొందిన డాబిగాట్రాన్, తరువాత వచ్చిన రివరోక్సబాన్ మొదలగునవి విటమిన్ కె జోలికి పోవు; వాటికి ఆకుకూరల లెక్క లేదు. అయినను సెయింట్ జాన్స్ వర్ట్ వాటి బలమును కూడ తగ్గించును. ప్లేట్‌లెట్లను మందగింపజేయు మూలికల ముప్పు వాటికిని ఉన్నది. లోహపు కవాటములు గలవారిపై డాబిగాట్రాన్‌ను పరీక్షింపగా గడ్డలును, రక్తస్రావమును రెండును ఎక్కువగుటచేత పరీక్షను నడుమనే నిలిపివేసిరి; ఆ ఫలితములు 2013లో వెలువడెను. కావున గడ్డివాములో పుట్టిన పాత మందే వారికి నేటికిని దిక్కు.

మన పాత వైద్యులు మందు పొట్లము చేతికిచ్చునప్పుడు రెండు మాటలు విధిగ చెప్పెడివారు: అనుపానము, పథ్యము. దేనితో పుచ్చుకొనవలెను, దేనిని విడువవలెను. మందు ఒంటరిగ కడుపులోనికి పోదని వారెరుగుదురు. మాత్రల కాలమున ఆ రెండు ప్రశ్నలను మనము మరచితిమి. మూలికలనుండియే పుట్టిన వార్ఫరిన్ వాటిని మరల గుర్తు చేయుచున్నది. అయితే దీని పథ్యము మానుట కాదు, నిలకడ. క్రొత్తగ దేనిని మొదలుపెట్టినను, అలవాటైన దానిని హఠాత్తుగ మానినను ముందుగ వైద్యునికి చెప్పుటయే ఆ పథ్యము. భయపడి ఈ మాత్రను స్వయముగ మానివేయుట మాత్రము అన్నిటికన్న ప్రమాదకరము. గడ్డ ఏర్పడుటకు అది చాలును. చిగుళ్లనుండి రక్తము కారినను, మలము నల్లబడినను, తలకు దెబ్బ తగిలినను ఆలస్యము చేయక ఆస్పత్రికి పోవలెను.

ఈ మందు వాడువారు ఇంటనున్న శ్రోతలకు మా మనవి ఒక్కటే. తరువాత వైద్యుని వద్దకు పోవునప్పుడు మందుల చీటితోపాటు అలమారలోని గుళికలను, చూర్ణములను, లేహ్యములను కూడ ఒక సంచిలో వేసికొని పోవుడు. ఏది మందు, ఏది కాదు అను విచారణ ఇంటిలో చేయనక్కరలేదు. అన్నియు బల్లమీద పెట్టుడు. చచ్చిన పెయ్యతోను, రక్తపు బిందెతోను, చెడిన గడ్డితోను మంచులో వచ్చిన రైతు చేసినది ఇదియే గదా. తన యింట నున్న సమస్తమును లారీలో వేసికొని వచ్చి తెలిసినవారి ముందుంచెను.